కొంగుముడి విప్పిన ఊరు

బుర్కినా ఫాసో అనే దేశం పేరు మన పిల్లల అట్లాసులో ఉంటుంది గాని, ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటే పిల్లలే కాదు, పెద్దలూ కాసేపు తడుముకోవలసిందే. పశ్చిమ ఆఫ్రికాలో, సహారా ఎడారికి దిగువున, సముద్రమన్నది తగలకుండా నాలుగు పక్కలా ఇతర దేశాల మధ్య ఇరుక్కుని ఉందది. 1960 దాకా ఫ్రెంచివారి ఏలుబడి. అప్పటి పేరు అప్పర్ వోల్టా. 1984లో ఆ పేరు తీసేసి, 'నీతిగల మనుషుల నేల' అని అర్థం వచ్చేటట్టు ఇప్పటి పేరు పెట్టుకున్నారు. పేరు గొప్పదే. నేల మాత్రం మెట్టనేల, ఎండ మండే నేల. ఏడాదిలో కొద్ది నెలలు వానలు, తక్కిన కాలమంతా దుమ్మూ ధూళీ.

ఆ దేశంలో, రాజధాని వాగడూగూకు దూరంగా ఆగ్నేయాన, గాండో అని ఒక పల్లె ఉంది. ఈ వారం ఆ ఊరి సంగతి చెప్పుకుందాం. ఆఫ్రికా అనగానే కరువులూ, యుద్ధాలూ, సింహాలూ తప్ప మరొకటి తోచని మనబోటివాళ్లకు ఈ ఊరి కథ కొంచెం కొత్తగా ఉంటుంది. అంతకన్నా వింతేమిటంటే, వింటూ ఉంటే మన తాతలనాటి ఊరి కథలాగే వినిపిస్తుంది.

గాండో గ్రామ పెద్దకు 1965లో ఒక కొడుకు పుట్టాడు. పేరు ఫ్రాన్సిస్ కెరే. అప్పటికి ఆ ఊళ్లో బడి లేదు. తండ్రికి చదువు రాదు. తనకొచ్చే ఉత్తరాలు చదివి అర్థం చెప్పే మనిషి ఇంట్లో ఒకడుండాలని ఆయన కోరిక. వెనక మన పల్లెల్లో కార్డు ముక్క వస్తే కరణంగారి ఇంటికో, పోస్టుమాన్ దగ్గరకో పరుగెత్తేవారు; ఇంటి గుట్టు కాస్తా ఊరి రచ్చబండ కెక్కేది. ఆ బాధ తెలిసినవారికి ఆ తండ్రి కోరిక ఎంత సబబో వేరే చెప్పక్కర్లేదు. పొలంలో పనికి ఒక జత చేతులు తగ్గినా సరేనని, ఏడేళ్ల కొడుకును తల్లి ఒడినుంచి తీసి, టెంకోడోగో అనే పట్నంలో బంధువుల ఇంట ఉంచి బడిలో వేశాడు.

ఆ పట్నం బడి సిమెంటు దిమ్మెలతో కట్టిన గది. లోపల వెలుతురు లేదు, గాలి లేదు. వందమందికి పైగా పిల్లలు. పైన ఎండ. అక్షరాలకన్నా ముందు ఆ కుర్రాడికి ఒంటబట్టింది ఉక్క. పెద్దయ్యాక ఆయన కట్టిన ప్రతి బడికీ ఆ ఉక్కే మొదటి గురువంటే తప్పులేదు.

సెలవులకు ఊరొచ్చి తిరిగి వెళ్లేటప్పుడు ఒక తంతు జరిగేది. ఈ సంగతి కెరేయే ఒక ప్రసంగంలో చెప్పుకున్నారు. ఊళ్లో ఆడవాళ్ల దగ్గర ఒక్కొక్కరి దగ్గరా సెలవు తీసుకోవాలి. ప్రతి ఆవిడా తను కట్టుకున్న బట్టలోంచి, దాచుకున్న ఆఖరి నాణెం తీసి ఆ కుర్రాడి చేతిలో పెట్టేది. అందరూ ఎందుకిలా ఇస్తున్నారని తల్లినడిగితే, నీ చదువుకు వాళ్లిచ్చే చందా అది, చదువుకున్నాక తిరిగొచ్చి ఊరికి ఏమన్నా చేస్తావని ఆశ, అన్నదట ఆ తల్లి.

మన దేశంలో వారాలు చేసుకుని చదువుకున్న పెద్దలెందరో ఉన్నారు. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట భోంచేసి, ఆపైన వకీళ్లూ, డాక్టర్లూ, కలెక్టర్లూ అయినవారున్నారు. వాళ్లకు అన్నం పెట్టిన ఇల్లాళ్ల పేర్లు ఏ రిపోర్టులోనూ ఉండవు. ధర్మసంస్థల లెక్కల్లో కూడా గాండో ఆడవాళ్ల నాణేలు ఉండవు. కాని, ఆ తరవాత జర్మనీలో పోగైన సొమ్ముకు అసలు పెట్టుబడి అదే.

1985లో కెరేకు జర్మనీ వెళ్లి వడ్రంగం నేర్చుకోవడానికి వేతనం దొరికింది. అడవి కరువైన దేశపు కుర్రాడికి వడ్రంగమెందుకని మీరడగవచ్చు. ఇచ్చేవాళ్ల దగ్గర ఉన్నదే ఇస్తారు గాని, పుచ్చుకునేవాళ్లకు కావలసినది ఇవ్వరు. దానాల్లో ఇదొక పాత జబ్బు. ఆయన అదృష్టమేమంటే, వచ్చినదాన్ని మెట్టుగా చేసుకుని పైకెక్కాడు. పగలు పని, రాత్రి చదువు. చివరకు బెర్లినులోని సాంకేతిక విశ్వవిద్యాలయంలో భవన నిర్మాణ శాస్త్రంలో చేరాడు.

చదువు పూర్తయ్యేదాకా ఆగలేదాయన. తోటి విద్యార్థుల దగ్గరికి వెళ్లి, కాఫీకీ సిగరెట్లకీ పెట్టే డబ్బులో కొంచెం మిగిల్చి మా ఊరి బడికి ఇవ్వండని అడిగాడు. 1998లో ఇందుకోసమే ఒక సంఘం పెట్టాడు. గాండో బడికి ఇటుకలు అని దాని పేరుకు అర్థం. రెండేళ్లలో 50,000 డాలర్లదాకా పోగయిందని ఆయనే చెప్పారు. కాఫీ మానడం పెద్ద త్యాగం కాదని కొట్టిపారేయకండి. పొద్దున్నే కాఫీ చుక్క పడందే మంచం దిగని ఇళ్లు మనలో ఎన్ని లేవు!

సరే, డబ్బుతో ఊరికి వచ్చాడు. ఊరంతా సంబరపడ్డారు. బడి దేంతో కడతావంటే, మట్టితో అన్నాడు. అంతే, ఊరి మొహాలు వాడిపోయాయి. వాళ్ల బాధలో న్యాయముంది. మట్టి గోడ వానకు కరిగిపోవడం ఏటేటా చూస్తున్నవాళ్లు. అద్దాల మేడలున్న దేశంలో ఏళ్ల తరబడి చదివి వచ్చి, చివరకు మా మట్టే మాకు పెడతావా అని వాళ్లకు అనిపించడంలో వింతేముంది? మన రాయలసీమలో మట్టిమిద్దెల్లో పెరిగిన పిల్లలు నాలుగు డబ్బులు సంపాదించగానే చేసే మొదటి పని ఆ మిద్దె కూల్చి స్లాబు వేయించడం కాదూ?

కెరే వాదనకు దిగలేదు, చేసి చూపించాడు. మట్టి ఇటుకలతో కమాను కట్టి, దానిమీద నిలబడి గెంతాడు. కమాను చెక్కుచెదరలేదు. అప్పటికి గాని జనం నమ్మలేదు.

ఆయన చేసినదేమిటో కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే, మన బళ్లలోనూ రేకుల కప్పు కింద మే నెల ఎండలో కూచుని చదివినవాళ్లున్నారు. మట్టిలో కొంచెం సిమెంటు కలిపి, చేత్తో తిప్పే యంత్రంలో అదిమి ఇటుకలు చేశారు. ఆ ఇటుక వానకు ఆగుతుంది. పూర్తి సిమెంటు దిమ్మెకన్నా చవక. మట్టిగోడ పగటి వేడిని అంత తొందరగా లోపలికి రానివ్వదు. వానకు రేకు కావాలి, రేకు వేస్తే గది పొయ్యి అవుతుంది, ఇదీ చిక్కు. దానికాయన చేసిన ఉపాయమేమంటే, గదిమీద ఇనుప చువ్వలు పరిచి ఇటుకలతోనే మధ్య మధ్య సందులుంచి లోకప్పు వేశాడు. రేకుల కప్పును దానికి అంటకుండా, పైకెత్తి, గోడలు దాటి బాగా ముందుకు వచ్చేటట్టు నిలిపాడు. గదిలో వేడెక్కిన గాలి సందుల్లోంచి పైకి పోతుంది. కిటికీల్లోంచి చల్లగాలి వస్తుంది. ముందుకు చాచిన రేకు గోడను వాననుంచి కాపాడుతుంది. పంకా లేదు, కరెంటు లేదు. రేకును మోసే దూలాలకు పెద్ద ఉక్కు కమ్మీలు తెప్పించలేదు. తెచ్చినా ఎత్తడానికి క్రేను ఏదీ? స్లాబులో వేసే మామూలు ఇనుప చువ్వలనే కోసి, అతికి, తేలికైన చట్రాలు చేశారు. ఊరి కుర్రాళ్లకు రంపమూ, చిన్న వెల్డింగు మిషనూ ఇచ్చి ఆ పని నేర్పారు.

పనిలో ఊరు ఊరంతా దిగింది. పిల్లలు బడికి పునాదిరాళ్లు ఏరి తెచ్చారు. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు మోశారు. మట్టి గచ్చు వేయడమంటే చెక్కదిమ్మెలు పట్టుకుని అందరూ వరసగా నిలబడి గంటల తరబడి దరువు వేసినట్టు కొట్టాలి. ఆపైన ఆడవాళ్లు రాయి పెట్టి నునుపుగా రుద్దాలి. మన ఇళ్లల్లో వెనక పండుగకు ముందు అరుగులు అలికే పని గుర్తొస్తుంది. ఆ దేశంలో ఇళ్లు కట్టుకునే తీరే అంత. ఒకరింటికి పదిమంది సాయం పడతారు. కొత్తది చేయించడానికి పాత అలవాటునే వాడుకున్నారు.

2001 నాటికి మూడు గదుల బడి లేచింది. 120 మంది పిల్లలు చేరారు. 2004లో దానికి ఆగాఖాన్ బహుమతి వచ్చింది. అప్పటికి కట్టినాయన ఇంకా కాలేజీ పట్టా పుచ్చుకున్న కొత్త! 2008లో బడిని పెంచారు. రానురాను పిల్లల సంఖ్య 700 దాకా పెరిగింది. తరవాత గ్రంథాలయం ఒకటి తలపెట్టారు. దానికి వెలుతురూ గాలీ రావడానికి చేసిన ఏర్పాటు ముచ్చటైనది. ఊళ్లో ఆడవాళ్లు చేత్తో చేసిన మట్టికుండలు తెచ్చిస్తే, వాటి మూతీ అడుగూ కోసేసి, కప్పు పోసేటప్పుడు అందులో నిలబెట్టారు. ప్రతి కుండా ఒక గవాక్షమయింది. 2022లో భవన నిర్మాణంలో ప్రపంచానికంతకూ పెద్దదైన ప్రిట్జ్‌కర్ బహుమతి కెరేకు వచ్చింది. అది అందుకున్న మొదటి ఆఫ్రికావాడాయనే.

బహుమతులు పేపర్లకెక్కుతాయి. నాకు మాత్రం బడికన్నా ఎక్కువ నచ్చింది ఆ పక్కనే 2004లో కట్టిన ఆరిళ్లు. అవి ఉపాధ్యాయులకు.

బడి కడితే సరా? పంతులేడీ? కరెంటూ నీళ్లూ లేని పల్లెకు వేస్తే చదువుకున్న కుర్రాడు ఉత్తర్వు అందుకున్న రోజే బదిలీకి అర్జీ రాస్తాడు. ఇది ఆఫ్రికాకే పరిమితమైన జాడ్యం కాదని మన పాఠకులకు నేను చెప్పాలా! ఏజెన్సీ గ్రామాల్లో బడి ఉండి, బల్ల ఉండి, నల్లబల్ల ఉండి, పంతులు మాత్రం టవునులో కాపురముండి పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయే వైనం మనకు తెలియనిది కాదు. బస్సు తప్పితే ఆ రోజు బడి లేదు. ఆయన్ని తిట్టి లాభమేమిటి? భార్యాబిడ్డలతో తలదాచుకోవడానికి ఆ ఊళ్లో చూరు ఏదీ?

గాండోలో ఆ ఆరిళ్లనూ మందపాటి మట్టిగోడలతో, కమాను కప్పులతో, ఒక చాపం గీసినట్టు వరసగా కట్టారు. సంసారం చేసుకోదగ్గ ఇల్లు ఉంటే మంచి ఉపాధ్యాయులు పల్లెకు రావడానికీ, వచ్చి నిలవడానికీ ఒప్పుకుంటారన్నదే దాని వెనక ఉన్న ఆలోచన. విద్యాదానమూ, గృహదానమూ వేరువేరు ఖాతాలనుకుంటాం. పల్లెలో రెండూ ఒకే గోడకు రెండు పక్కలు. కాని, చందాలు వేసేవారిని చూడండి. బడిమీద తమ పేరు చెక్కించుకోవడానికి పదిమంది ముందుకొస్తారు. పంతులుగారి వంటింటి గోడకు పేరు పెట్టించుకుంటానన్న దాత ఒక్కడు కనబడడు.

అన్ని దానాలూ ఇలా సూటిగా తగలవు. కెన్యా పడమటి ప్రాంతంలో 1990ల్లో ఒక ధర్మసంస్థ పల్లె బళ్లకు పాఠ్యపుస్తకాలు ఉచితంగా పంచింది. పుస్తకం లేని పిల్లవాడికి పుస్తకమిస్తే చదువు పెరుగుతుందనడంలో సందేహమేమిటి? పరీక్షించి చూస్తే, అప్పటికే బాగా చదివే పిల్లలకు తప్ప తక్కినవారికి మార్కులు పెరగనే లేదు. కారణం వెతికితే, ఆ పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆ పిల్లలకు ఇంటి భాష ఒకటి, బజారుకు స్వాహిలి, ఆ తరవాత మూడోది ఇంగ్లీషు. చాలామందికి ఆ పుస్తకం చదవడమే రాదు. తెలుగు అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడి చేతిలో ఇంగ్లీషు సైన్సు పుస్తకం పెట్టి పాసవమనే తల్లిదండ్రులు ఈ మాటను రెండుసార్లు చదువుకోవాలి.

అదే ప్రాంతంలో 1998 మొదలు 75 బళ్ల పిల్లలకు దశలవారీగా నులిపురుగుల మందు వేశారు. పిల్లవాడికి ఏడాదికి అర డాలరు ఖర్చు. బడి ఎగ్గొట్టడం పావువంతు తగ్గింది. పరీక్ష మార్కులు మాత్రం పెరగలేదు, అదీ చెప్పాలి. ఇలా ఏ దానం తగులుతుందో, ఏది తగలదో బళ్లను రెండు జట్లుగా విడదీసి లెక్క తేల్చే పద్ధతికే మైకేల్ క్రెమర్, ఎస్తేర్ డుఫ్లో, మన అభిజిత్ బెనర్జీ ముగ్గురికీ 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆడపిల్లలకు బడిదుస్తులు ఉచితంగా ఇచ్చినచోట మధ్యలో బడి మానడం తగ్గిందనీ, తక్కువ వయసులో పెళ్లిళ్లూ పురుళ్లూ తగ్గాయనీ తేలింది కూడా ఇలాంటి లెక్కల్లోనే. ఒక గౌను ఎన్ని మలుపులు తిప్పుతుందో చూశారా!

ఇక ఇళ్ల సంగతి. కెన్యాలోనే 2011 నుంచి గివ్‌డైరెక్ట్‌లీ అనే అమెరికా సంస్థ ఒక కొత్త పని మొదలుపెట్టింది. ఏ ఇంటికి గడ్డికప్పు ఉందో చూసి, ఆ ఇంటివారికి ఫోను ద్వారా సొమ్ము పంపడం. ఇలా ఖర్చు పెట్టండని షరతు లేదు, సలహా లేదు. పెద్దమనుషులు ముక్కుమీద వేలేసుకున్నారు. బీదవాడి చేతికి డబ్బిస్తే తాగేస్తాడన్నది వాళ్ల వేదవాక్యం. లెక్క తీసి చూస్తే తాగుడుకీ, పొగాకుకీ ఖర్చు పెరగలేదు. చాలామంది చేసినది గడ్డి తీసి రేకు వేయించుకోవడం.

దీన్ని విలాసమనుకునేవాళ్లు ఎప్పుడూ తాటాకు ఇంట్లో కాపురం చేసి ఉండరు. గడ్డికప్పు వేసినప్పుడు చవక. తరవాత ఏడాదికో రెండేళ్లకో మళ్లీ కప్పుకోవాలి. గడ్డి కొనాలి, కూలివాడికివ్వాలి. వాన కురిసే రాత్రి మంచాలు ఇటునుంచి అటు జరుపుకుంటూ, బొట్టు పడేచోటల్లా తపేలా పెట్టుకుంటూ ఎవరు నిద్రపోతారు? తెల్లారి బడికి వెళ్లే పిల్లవాడి పుస్తకాలు ఎక్కడ దాస్తారు? బీదవాడికి గడ్డికప్పు ఏటేటా కట్టే వడ్డీ. రేకు వేసుకుంటే ఆ అప్పు తీరినట్టే. అది ఆ ఇల్లాలికి తెలిసినంత బాగా అమెరికాలో కూచున్న దాతకు తెలియదు గనకనే, డబ్బిచ్చి ఊరుకోవడం మంచిదయింది.

బయటివాళ్లు ఇస్తేనే ఆఫ్రికా పల్లెలు కదులుతాయనుకుంటే పొరపాటు. 1963లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు కెన్యా నాయకుడు జోమో కెన్యాట్టా 'హరాంబే' అన్న మాటను జాతికి నినాదంగా ఇచ్చాడు. అందరం కలిసి లాగుదామని దానర్థం. మన పడవవాళ్ల 'హైలెస్సా' లాంటిదన్నమాట. కోడి ఉన్నవాడు కోడి, మేక ఉన్నవాడు మేక ఇచ్చి వందలాది బళ్లు కట్టుకున్నారు. గోడలయితే లేచాయి గాని, చాలాచోట్ల పంతుళ్లకూ పుస్తకాలకూ కరువే మిగిలింది. ఆ బాధ్యత ప్రభుత్వానిది, చందాలతో తీరదు. 2003లో కెన్యా ప్రభుత్వం ప్రాథమిక బళ్లలో ఫీజు తీసేసేసరికి పది లక్షలకు పైగా పిల్లలు కొత్తగా వచ్చి పడ్డారు. మరుసటేడు కిమానీ మరూగే అనే 84 ఏళ్ల తాత నిక్కరు తొడుక్కుని వచ్చి ఒకటో తరగతిలో కూచున్నాడు. ఎన్ని ధర్మసంస్థలు కలిసినా ఒక్క సంతకంతో జరిగిన ఆ పని చెయ్యలేవు.

ఈ విషయంలో మనవాళ్ల మాట కూడా ఒకటుంది. 1860 మొదలు మద్రాసు రేవునుంచి దక్షిణాఫ్రికాలోని నేటాలు చెరకు తోటలకు కూలికి వెళ్లినవారిలో తెలుగువారు చాలామంది. అక్కడ వాళ్ల పిల్లలకు బళ్లు చాలినన్ని లేవు. భారతీయులు తమలో తాము చందాలు వేసుకుని సగం ఖర్చు భరిస్తే, ప్రభుత్వం పౌనుకు పౌను కలిపే పద్ధతిలో ఎన్నో బళ్లు కట్టుకున్నారు. కూలి డబ్బుల్లోంచి తీసిన చందా అది.

మళ్లీ బుర్కినా ఫాసోకు వస్తే, అక్కడి సంగతులు ఇప్పుడు బాగా లేవు. 2015 తరవాత సాయుధ ముఠాల దాడులు ఎక్కువయ్యాయి. 2023 నాటికి దేశంలో 6,000కు పైగా బళ్లు మూతపడి ఉన్నాయి. పంతుళ్లను బెదిరించడం, బళ్లను తగలబెట్టడం వారికి ఒక పద్ధతిగా మారింది. లక్షలమంది ఇళ్లు వదిలి పోయారు. ఇటుక ఎంత గట్టిదైనా తుపాకీనుంచి కాపాడదు. దాతలకూ ఇది పెద్ద పరీక్షే. రేపు ఏమవుతుందో తెలియని చోట బడి కట్టడమెందుకని వెనక్కి తగ్గేవారున్నారు. తగ్గితే అక్కడి పిల్లలకు మిగిలేదేమిటన్న ప్రశ్నకు వారి దగ్గర జవాబు లేదు.

గోడలకన్నా గట్టిగా నిలిచినది గాండోలో ఒకటుంది. బడి కట్టేటప్పుడు పని నేర్చుకున్న కుర్రాళ్లు. ఆ ప్రాంతంలో ఎండాకాలం వచ్చిందంటే మగవాళ్లు కూలి వెతుక్కుంటూ ఘనాకో, ఐవరీ కోస్టుకో పోవడం పాత రివాజు. మన పాలమూరువాళ్లు మట్టిపనికి దేశాలు పట్టినట్టు. గాండో కుర్రాళ్లు ఇటుక అదమడం, కమాను తిప్పడం, చువ్వ అతకడం నేర్చారు. కెరే మరోచోట పని పెట్టుకుంటే మేస్త్రీలుగా వీళ్లే వెళుతున్నారు. పని నేర్పడానికి వెళ్లిన మనిషికి కూలి ఎక్కువ. నెల తిరిగేసరికి వాళ్ల ఇళ్లకు డబ్బు వస్తుంది. దాంతోపాటు ఉత్తరమేదైనా వస్తే, ఇప్పుడు చదివిపెట్టడానికి ఇంట్లోనే ఒక పిల్లవాడుంటాడు.